ఉండాలన్న పక్షం

విఠల్‌తో వాదనకు దిగి గెలిచినవాళ్ళు పటమటలో లేరు. ఆ సంగతి అతనికీ తెలుసు. అదే అతని కొంప ముంచింది.

రైతుబజారులో బెండకాయ ముదురా లేతా అన్న విషయం మీద కూడా అతను రెండు వైపులా మాట్లాడగలడు. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు ఒకసారి నీళ్ళ మోటారు సంగతి తేల్చుకుందామని ఆవేశంగా మెట్లెక్కి వచ్చి, అరగంట విని, తప్పు తనదేనని ఒప్పుకుని, కిందికి దిగాక తల గీరుకున్నాడు. మోటారు ఆపడం మర్చిపోయి కాల్చేసింది విఠలే. పెళ్ళి విషయంలోనూ అంతే. చేసుకోవడం మంచిదా, మానడం మంచిదా అని తనలో తానే వాదించుకున్నాడు. రెండు పక్షాలూ సమానంగా తూగడంతో తీర్పు వాయిదా వేస్తూ వచ్చాడు. తీర్పు రాకముందే యాభై మూడో ఏడు వచ్చేసింది.

అతనికి ఈ విద్య ఊరికే రాలేదు. ఒకప్పుడు కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పేవాడు. ఇంజనీరింగ్ సీట్ల గాలి వీచి ఆర్ట్స్ గ్రూపులన్నీ ఎగిరిపోయినప్పుడు అతని ఉద్యోగమూ వాటితోపాటే ఎగిరిపోయింది. అదే కాలేజీలో ఇంగ్లీషు చెప్పే రాగిణి కూడా ఆ యాజమాన్యంతో పడలేక అప్పుడే బయటికొచ్చింది. ఇద్దరూ కలిసి పటమటలో మందుల షాపు పైన ఒక పొడుగాటి గది తీసుకున్నారు. బ్యాంకు ఉద్యోగాలకీ ఎంబీఏ సీట్లకీ పోటీపడే పిల్లలకు గ్రూప్ డిస్కషన్‌లో ఎలా మాట్లాడాలో, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో నేర్పడం మొదలుపెట్టారు. అలా పన్నెండేళ్ళు గడిచాయి.

రాగిణిది కూచిపూడి పక్కన పల్లె. ఆమెకు నలభై ఆరేళ్ళు. పెళ్ళి చిన్నతనంలోనే జరిగింది, మూడేళ్ళకే ముగిసింది. ఆ మూడేళ్ళ గురించి ఆమె చెప్పలేదు, ఇతను అడగలేదు. పటమటలోనే వెనక వీధిలో ఒక చిన్న వాటాలో ఒక్కతే ఉంటుంది. వాళ్ళ తాతగారు భాగవత మేళంలో ఆడవేషాలు కట్టినవాడు. ఆయన వేషం కట్టి తెర వెనక నుంచి వస్తుంటే కట్టుకున్న భార్యకే పోల్చుకోవడం కష్టమయ్యేదట.

ఆ తాతగారి పుణ్యమా అనే వాళ్ళ క్లాసులో ఒక ఆచారం ఏర్పడింది. ఏదైనా విషయం బోర్డు మీద రాయగానే ముందు పిల్లలందరూ తమ నిజమైన అభిప్రాయాన్ని బట్టి నిలబడాలి. అవునన్నవాళ్ళు కిటికీ వైపు, కాదన్నవాళ్ళు తలుపు వైపు. నిలబడ్డాక రాగిణి చప్పట్లు కొట్టి “మారండి” అనేది. అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు వచ్చి, తాము నమ్మని పక్షాన్ని తమదిగా చేసుకుని వాదించాలి. “అవతలి మనిషి వేషం కట్టిచూస్తేగానీ అవతలి మనిషి అర్థం కాడు” అనేది ఆమె. దానికి పిల్లలు ‘వేషం’ అని పేరు పెట్టుకున్నారు. మాస్టార్లకూ మినహాయింపు లేదు. ఆ గదిలో ఎవరైనా లేచి ‘కావాలి’ అని వాదిస్తున్నారంటే వాళ్ళ మనసులో ఉన్నది ‘వద్దు’ అనే లెక్క.

చదువు చెప్పడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. బతకడానికి ఇంతకంటే చెడ్డ పద్ధతీ లేదు. విఠల్ దాన్ని రెండింటికీ వాడుకున్నాడు.

అది రెండు వేల పదహారు జూన్. మృగశిర కార్తె వచ్చినా ఎండ తగ్గలేదు. పుష్కరాల పనులని ఊరంతా తవ్విపోశారు. హైదరాబాదు నుంచి సెక్రటేరియట్ తరలివస్తోందని ఎక్కడ చూసినా ఇళ్ళ వేటగాళ్ళే. ఆ హడావిడిలో, ఏదో పక్క వీధి వార్తలాగా, బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వెళ్ళాలా వద్దా అని గురువారంనాడు ఓట్లు వేసుకోబోతోందని పేపర్లు రాస్తున్నాయి. ఇంటర్వ్యూ బోర్డుల వాళ్ళకు ఇలాంటి విషయాలంటే ప్రాణం. కాబట్టి ఆదివారం ఉదయం పిల్లల ముందు మాస్టార్లిద్దరూ ఆ విషయం మీదే వాదించి చూపించాలని పెట్టుకున్నారు.

శనివారం సాయంత్రం క్లాసు అయ్యాక ఎప్పటిలాగే ఇద్దరూ రావమ్మ పునుగుల బండి దగ్గర నిలబడ్డారు. రావమ్మ విఠల్ ప్లేట్లో కారం చట్నీ, రాగిణి ప్లేట్లో అల్లం చట్నీ అడక్కుండానే వేసింది. తిన్నాక అతను ఆమెను వెనక వీధి మలుపు దాకా దిగబెట్టి, అక్కడినుంచి తన గదికి పోతాడు. పన్నెండేళ్ళుగా ఆ మలుపు దగ్గరే ఆగిపోతున్నాడు. ఇంటి దాకా రమ్మని ఆమె అనలేదు, వస్తానని ఇతను అడగలేదు.

“వైజాగ్ వాళ్ళు సోమవారం ఫోన్ చేస్తామన్నారు. అవుననో కాదనో తేల్చి చెప్పాలిక,” అంది రాగిణి.

వైజాగులో ఒక పెద్ద కోచింగ్ సంస్థ వాళ్ళు ఇంటర్వ్యూ విభాగం కొత్తగా పెట్టారు. దాన్ని నడపడానికి రమ్మని ఆమెను అడిగి పది రోజులైంది. ఈ పది రోజులూ విఠల్‌కు సరిగా నిద్రలేదు.

“అవునండీ, సోమవారమన్నారు కదా,” అన్నాడు.

“మీరేమంటారు?”

ఇక్కడ విఠల్ ఒక్క మాట అనాలి. ఆ మాట పది రోజులుగా అతని గొంతులోనే ఉంది. రాగిణి వెళ్ళిపోతే తను ఒంటరివాడైపోతాడు. ఊరికే మాటవరసకు కాదు. రోజు మొత్తంమీద అతన్ని ‘తిన్నారా’ అని అడిగే మనిషి ఆమె తప్ప ఇంకొకరు లేరు. జ్వరం వస్తే మాత్ర వేసుకున్నారా అనేది ఆమే. కొత్త చొక్కా వేసుకుంటే రంగు బాగాలేదనేదీ ఆమే. ‘వెళ్ళకండి’ అంటే అయిపోతుంది. చిక్కల్లా ఆ మాటకు రెండో వైపు లేకపోవడం. రెండో వైపు లేని మాట ఎలా మాట్లాడాలో అతనికి రాదు.

“దానికి రెండు వైపులూ ఉన్నాయండీ,” అన్నాడు విఠల్. “అక్కడ మీకు పేరొస్తుంది, సముద్రం గాలి మీ ఆయాసానికి మంచిది. ఇక్కడైతే అలవాటైన ఊరు, పిల్లలు మిమ్మల్ని వదలరు. అలాగని పిల్లల కోసం మనిషి ఆగిపోవాలా అంటే, అదీ ఆలోచించాల్సిందే.”

రాగిణి పునుగు తుంచి చట్నీలో ముంచి, తినకుండా అలాగే పట్టుకుంది.

“బాగుంది,” అంది. “రేపెటూ మన టాపిక్ అదేగా. వెళ్ళడమా, ఉండడమా అని. రేపే వింటాలెండి మీ మాట.”

“రేపు బ్రిటన్ గురించి కదండీ?”

“ఎవరి గురించైతేనేం,” అని ప్లేటు బుట్టలో వేసేసింది.

విఠల్ అంత తెలివితక్కువవాడేం కాదు. ఆమె రేపు తన సంగతే తేల్చుకోబోతోందని మలుపు దగ్గర విడిపోయేలోపే అర్థమైంది. తేల్చేది తన మాటేనని కూడా అర్థమైంది. గదికి వెళ్ళి, ఫ్యాను కింద పడుకుని, తెల్లారేదాకా పాయింట్లు తయారుచేసుకున్నాడు. ఏ పక్షం వస్తుందో తెలియదు కాబట్టి రెండు పక్షాలకీ చేసుకున్నాడు. ఇంకొకడైతే వెళ్ళి తలుపు తట్టేవాడు.

ఆదివారం గది నిండిపోయింది. కరెంటు పోయి కిటికీలన్నీ తెరిచి పెట్టారు. కింద మందుల షాపు వాడి జనరేటరు మోత పైకి వినిపిస్తోంది. విఠల్ బోర్డు మీద విషయం రాశాడు. వెళ్ళాలనేవాళ్ళు కిటికీ వైపు, ఉండాలనేవాళ్ళు తలుపు వైపు అని గుర్తుచేశాడు. తర్వాత రాగిణి వైపు తిరిగి “మీరు ముందు ఎంచుకోండి మేడమ్,” అన్నాడు.

“నేను ఉండాలన్న పక్షం మాట్లాడతాను,” అంది రాగిణి.

“అయితే మేడమ్ వెళ్ళిపోవాలంటున్నారన్నమాట!” అని ముందు బెంచీలోంచి ప్రణవ్ అరిచాడు. ప్రణవ్‌కి బ్యాంకు పరీక్ష రాయడం మూడోసారి, నోరు మాత్రం మొదటిసారికే పాసైంది. క్లాసంతా నవ్వింది. ఆచారం తెలిసినవాళ్ళు కదా, నవ్వరూ మరి.

విఠల్ నవ్వలేదు. పన్నెండేళ్ళుగా ఆ గదిలో ఒక్కరూ తప్పని నియమం అది. ఉండాలన్న పక్షం తీసుకుందంటే ఆమె మనసులో ఉన్నది వెళ్ళడమే. నిర్ణయం అయిపోయిందన్నమాట. నిన్న తనను అడగడమూ మర్యాద కోసమేనన్నమాట.

ఇక అతనికి మిగిలింది వెళ్ళాలన్న పక్షం. అక్కడే అతనికి ఒక ఆలోచన తట్టింది. వెళ్ళాలని తను ఎంత గట్టిగా వాదిస్తే, మనసులో వద్దని అంత గట్టిగా ఉన్నట్టు కదా. ఈ ఆచారం తెచ్చినదే ఆమె. ఆమెకు అర్థం కాకుండా ఉంటుందా? బయట ఎవరికైనా చెబితే పిచ్చి అనుకుంటారు. ఆ గదిలో మాత్రం విఠల్‌కు అదే సూటి దారిగా కనిపించింది. జీవితంలో మొదటిసారి ఒక మనిషిని ఉండిపొమ్మని బతిమాలడానికి అతను గొంతు సవరించుకున్నాడు.

రాగిణి లేచింది. ఎప్పుడూ ఆమె మాట్లాడేటప్పుడు చెయ్యి గాలిలో ముద్ర పట్టినట్టు కదులుతుంది, తాతగారి తాలూకు అలవాటు. ఆ రోజు చేతులు రెండూ బల్ల మీద పెట్టి నిలబడింది.

“రెండు యుద్ధాల్లో ఒకళ్ళనొకళ్ళు చంపుకున్నవాళ్ళు ఇవాళ ఒకళ్ళకొకళ్ళు సరుకులు అమ్ముకుంటున్నారు. ఇదేం చిన్న విషయం కాదు,” అని మొదలుపెట్టింది. సరిహద్దులో లారీ ఆగకపోతే రైతుకు ఏం లాభమో చెప్పింది. ఒక దేశం పిల్లాడు ఇంకో దేశంలో చదువుకుని, అక్కడే ఉద్యోగం చేసి, అక్కడి పిల్లనే పెళ్ళి చేసుకుంటే ఆ ఇంటిని ఎక్కడ కొయ్యాలని అడిగింది. ఇక్కడి దాకా అంతా పరీక్షకు పనికొచ్చే మాటలే. పిల్లలు రాసుకుంటున్నారు.

తర్వాత ఆమె గొంతు కొంచెం తగ్గింది.

“మాది కాలువ చివరి పొలం. పై ఊళ్ళవాళ్ళు వంతు తప్పి నీళ్ళు మళ్ళించుకునేవాళ్ళు. మా నాన్న పార భుజాన వేసుకుని గట్టు మీదికి పోయేవాడు. తిట్టుకునేవాళ్ళు, ఒక్కోసారి చొక్కాలు పట్టుకునేవాళ్ళు. కానీ ఈ కాలువతో మాకు పనిలేదు, మేం విడిపోతాం అని మాత్రం ఎవరూ అనలేదు. అంటే ఏమవుతుంది? తగాదా ఉండదు. నీళ్ళూ ఉండవు.”

రాగిణి పిల్లల మీంచి చూపు తిప్పి ఒకసారి విఠల్ వైపు చూసింది.

“కలిసున్నప్పుడు చికాకులే కనిపిస్తాయి. మిగతాదంతా అలవాటైపోయి కనపడదు. వెళ్ళిపోతే చికాకులు పోతాయి, నిజమే. కానీ సాయంత్రమయ్యేసరికి ఎవరి మీద చికాకు పడాలో తెలియదు. అది ఎవరి లెక్కల్లోకీ రాని నష్టం. అందుకని... ఉండడమే మంచిదని నాకనిపిస్తోంది. అంతే.”

కూర్చుంది. విఠల్ మనసులో ఆమెను మెచ్చుకున్నాడు. ఎంత బాగా కట్టింది వేషం! నిజమేనేమో అనిపించేలా చెప్పింది. తాతకు తగ్గ మనవరాలు అనుకున్నాడు. ఆ అనుకోవడంలో కించిత్తు ఈర్ష్య కూడా ఉంది. తను అంతకంటే బాగా చెప్పకపోతే తన మనసు ఆమెకెలా తెలుస్తుంది?

లేచాడు. మంచినీళ్ళు తాగాడు. ఇక మొదలుపెట్టాడు.

“మన బందరు తీరంలో వల ఎప్పుడు వెయ్యాలో, ఎంత చేప పట్టాలో, ఎక్కడో సముద్రమే లేని ఊళ్ళో కూర్చున్నవాళ్ళు నిర్ణయిస్తే ఒప్పుకుంటామా?” అని అడిగాడు. లేదని పిల్లలు అరిచారు. “మనం ఓటేసి దింపలేనివాడు మనకు చట్టం రాస్తే దాన్ని ఏమంటారు?” అన్నాడు. రాగిణి కాలువనూ వదల్లేదు. “మేడమ్ గారు పొలం చూపించారు, తూము చూపించలేదు. తూము ఎవరి చేతిలో ఉంది? చివరి పొలంవాడు ఎంతకాలం అడుక్కోవాలి? పార పట్టుకుని గట్టు మీదికి పోవడం ఒక బతుకా? అతనికి సొంత బోరు వేసుకునే హక్కు లేదా?”

ప్రణవ్ చెయ్యెత్తి “రెండేళ్ళ కింద మన రాష్ట్రం కూడా...” అనబోయాడు.

“అది ఇంకా పచ్చిపుండు. ఇవాళ వద్దు, కూర్చో,” అని విఠల్ ముందుకు సాగాడు. అతనికి ఊపొచ్చింది. ఊపొచ్చిన విఠల్‌ను ఆపడం ఎవరి తరమూ కాదు, విఠల్ తరం కూడా కాదు. “సాయంత్రాలు తోచవన్నారు. ఎంతో ముద్దుగా ఉంది. కానీ సాయంత్రాలు తోచవని ఏ దేశమైనా ఒప్పందాల మీద సంతకాలు పెడుతుందా?” పిల్లలు పగలబడి నవ్వారు. రాగిణి కూడా నవ్వినట్టే పెదాలు కదిపింది.

చివరికి అతను గొంతు తగ్గించాడు. మంచి వక్తలందరూ చివర్లో గొంతు తగ్గిస్తారు.

“ఒక్కటి గమనించండి. వెళ్ళిపోతే నష్టపోతావని భయపెట్టినవాళ్ళున్నారు. ఏది లాభమో ఏది నష్టమో లెక్కలు చెప్పినవాళ్ళున్నారు. కానీ, నువ్వు లేకపోతే మాకు బాగుండదు, ఉండిపో అని చేయి పట్టుకుని అడిగినవాడు ఒక్కడైనా ఉన్నాడా? అలా అడగని చోట ఉండడాన్ని కలిసుండడం అనరు. అది ఊరికే అలవాటు. అలవాటు కోసం ఎవరూ ఉండిపోకూడదు.”

చప్పట్లతో గది అదిరింది. తన జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదని విఠల్‌కు తెలిసిపోయింది. ఇంతకంటే స్పష్టంగా ఎవరైనా ఎలా చెబుతారు అనుకుంటూ రాగిణి వైపు చూశాడు. ఆమె తన చేతుల వైపు చూసుకుంటోంది.

“మేడమ్, జవాబు చెప్పండి,” అన్నారు పిల్లలు.

“జవాబు లేదమ్మా,” అంది రాగిణి. “సార్ చెప్పింది నిజమే.”

ఓటింగు పెట్టారు. బెంచీలు జరుపుకుంటూ దాదాపు అందరూ కిటికీ వైపు వెళ్ళారు. తలుపు వైపు ఉషశ్రీ ఒక్కతే మిగిలింది. గన్నవరం నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల, మాట తక్కువ. అంత బాగా చెప్పాక కూడా ఎందుకు కదల్లేదని విఠల్ అడిగాడు.

“మేడమ్ వేషం కట్టినట్టు లేదు సార్,” అంది ఉషశ్రీ. “మామూలుగా మాట్లాడినట్టుంది.”

పిల్లలు మళ్ళీ నవ్వారు. విఠల్ మాత్రం రాగిణి మాట్లాడిందంతా మొదటినుంచి మళ్ళీ గుర్తుచేసుకున్నాడు.

అందరూ దిగిపోయాక రాగిణి కిటికీలు మూస్తోంది. విఠల్ బోర్డు తుడిచాడు, తుడిచిన బోర్డునే మళ్ళీ తుడిచాడు.

“ఉషశ్రీ ఏదో అంటోంది,” అన్నాడు.

“నిజమేనండీ. ఇవాళ నేను వేషం కట్టలేదు. నేను ఉండాలని మీకూ ఉందేమోనని, నా మాట నేనే చెప్పుకున్నాను.”

“మరి నేను... నేను వేషంలో ఉన్నానండీ. అంటే నా ఉద్దేశం, నేను అన్నదానికి తిరగేసి చూస్తే...”

“తెలుసండీ,” అంది రాగిణి. ఆమెకు కోపం లేదు, అదే అతన్ని ఇంకా భయపెట్టింది. “పన్నెండేళ్ళు మీ పక్కన కూర్చున్నదాన్ని, ఆ మాత్రం తెలియదా? మీరు వెళ్ళొద్దనే అంటున్నారు. కానీ ఎలా అంటున్నారో చూడండి. అరవైమంది పిల్లల ముందు, నన్ను ఓడించి, చప్పట్లు కొట్టించుకుని. చేయి పట్టుకుని అడిగినవాడు లేడని మీ నోటితోనే అన్నారు. ఆ మాట అంటున్నప్పుడైనా మీకు తట్టలేదా?”

అతనికి తట్టలేదు. ఆ మాట అంటున్నప్పుడు అతనికి తట్టిందల్లా ఆ మాట ఎంత బాగా కుదిరిందో అన్నదే.

రాగిణి చివరి కిటికీ గడియ పెట్టింది. “ఇప్పుడు పిల్లలు లేరు. మామూలుగా చెప్పండి.”

విఠల్ నోరు తెరిచాడు. వెళ్ళకండి అనాలి. నాలుగక్షరాల మాట. కానీ ఆ మాట పెదాల దాకా వచ్చేలోపే లోపల ఇంకొకడు లేచి నిలబడ్డాడు. నీ సాయంత్రాల కోసం ఆమె ఎదుగుదలను ఆపుతావా అన్నాడు వాడు. ఇది ప్రేమా, స్వార్థమా అన్నాడు. ఆమె ఉండిపోయి రేపు బాధపడితే ఆ పాపం ఎవరిదన్నాడు. పన్నెండేళ్ళు పిల్లలకు నేర్పిన విద్యంతా వాడు ఒక్క క్షణంలో ఒప్పజెప్పాడు. వాడి వాదనకు ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

“ఒక రకంగా ఆలోచిస్తే,” అన్నాడు విఠల్, “అక్కడ మీకు మంచి అవకాశమేనండీ. ఇంకో రకంగా చూస్తే...”

రాగిణి ఆ ఇంకో రకం కోసం కాసేపు చూసింది. జనరేటరు ఆగింది. కరెంటు వచ్చి ఫ్యాన్లు తిరిగాయి. అతను ఇంకా వాక్యం కోసం వెతుక్కుంటున్నాడు.

“సరేనండీ,” అంది మెల్లగా. బ్యాగు భుజాన వేసుకుంది. “ఎండలో తిరక్కండి, ఇవాళ బాగా మాట్లాడారు, గొంతు బొంగురుపోయింది.” మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సోమవారం వైజాగ్ వాళ్ళు ఫోన్ చేశారు, ఆమె వస్తానంది. గురువారం బ్రిటన్‌లో ఓట్లు వేశారు. శుక్రవారం పొద్దున్నే టీవీలు వెళ్ళాలన్న పక్షం గెలిచిందన్నాయి. నూటికి యాభై రెండు మంది అటు, నలభై ఎనిమిది మంది ఇటు. విఠల్ టిఫిన్ సెంటర్లో నిలబడి ఆ వార్త చూశాడు. పక్కన నిలబడ్డాయన ‘అంత కొద్ది తేడాతో ఇల్లు వదిలేసి పోతారా’ అని అడిగాడు. ఆ ప్రశ్నకు విఠల్ రెండు వైపులా కాదు, ఒక్క వైపు కూడా మాట్లాడలేదు. ఇడ్లీ సగం వదిలేసి బయటికొచ్చాడు.

ఆదివారం రాగిణి రైలెక్కింది. స్టేషనుకు పిల్లలు చాలామంది వచ్చారు, పూలగుత్తులు, ఫోటోలు. విఠల్ ఆమె పెట్టెలు ఎక్కించాడు, సీటు కింద సర్దాడు, నీళ్ళ సీసా కొనిచ్చాడు. చెయ్యగలిగిన పనులన్నీ చేశాడు. రైలు కదిలాక పిల్లలు చేతులూపారు, అతనూ ఊపాడు. తర్వాత పిల్లలు ఆటోల కోసం పరిగెత్తారు. ఆ సాయంత్రం అతను రావమ్మ బండి వైపు పోకుండా చుట్టూ తిరిగి గదికి వెళ్ళి, అన్నం తినకుండా పడుకున్నాడు. ఆకలి వేసిందిగానీ, తిన్నారా అని అడగడానికి ఎవరూ లేరని గుర్తొచ్చేసరికి లేవబుద్ధి కాలేదు.

మర్నాడు క్లాసుకు అతనొక్కడే వెళ్ళాడు. పిల్లలు అప్పటికే బ్రిటన్ గురించి కొట్టుకుంటున్నారు. వెళ్ళడం మంచిదైందని కొందరు, నాశనమైపోతారని కొందరు. అతను రాగానే ప్రణవ్ లేచాడు.

“సార్, ఓట్లైపోయాయి కదా. ఇప్పుడు చెప్పండి, వేషం లేకుండా. మీ సొంత అభిప్రాయం ఏంటి?”

పన్నెండేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగి ఉన్నా అతను దాటేసి ఉండేవాడు. ఇవాళ దాటబుద్ధి కాలేదు. చేతిలో ఉన్న సుద్దముక్క బల్ల మీద పెట్టాడు.

“వెళ్ళకుండా ఉండాల్సింది,” అన్నాడు.

“కారణాలు సార్?” పెన్నులు లేచాయి.

“కారణాల్లేవు. వెళ్ళడం నాకిష్టం లేదు. వెళ్ళొద్దని నేను... వెళ్ళొద్దని ఎవరైనా గట్టిగా అనుండాల్సింది. అనలేదు. నాకు చాలా బాధగా ఉంది.”

పెన్నులు ఆగిపోయాయి. మాస్టారు ఏదో కొత్త పద్ధతి చూపిస్తున్నాడనుకుని వెనక బెంచీలవాళ్ళు మెడలు సాచారు. ఉషశ్రీ మాత్రం తల దించుకుంది.

ప్రణవ్‌కు ఆ బాధ ఎక్కడిదో అంతుపట్టలేదు. కానీ మంచి కుర్రాడు, నిజంగానే దిగులుపడి అడిగాడు.

“లండన్‌లో మీకు ఎవరైనా ఉన్నారా సార్?”

“లేరు బాబూ,” అన్నాడు విఠల్. “నాకు ఎక్కడా ఎవరూ లేరు.”